డాలియా దుంప ఎందుకు కుళ్లుతుంది, మొక్క ఎందుకు పూయదు

డాలియా పెంచేవాళ్ల దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదులు రెండు. దుంప పాతి నెల దాటినా మొలక రాలేదు, తవ్వి చూస్తే మెత్తబడి వాసన కొడుతోంది అనేది మొదటిది. మొక్క నడుమెత్తు పెరిగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, మొగ్గ మాత్రం కనిపించడం లేదు అనేది రెండోది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నట్టు పైకి అనిపించదు. కాస్త తరచి చూస్తే చాలాసార్లు కారణం ఒకటే. రెండుచోట్లా మొక్కకు ఎవరూ తక్కువ చేయలేదు. అది అడగకముందే పెట్టారు. మొదటిచోట నీళ్లు, రెండోచోట ఎరువు.

డాలియాను కొందరు మొండి మొక్క అంటారు, కొందరు సుకుమారం అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఆకూ కాండమూ లేకుండా నెలల తరబడి చీకటి గదిలో ఎండు పొట్టులో పడి ఉన్నా దీని దుంప చావదు. అదే దుంప తడి మట్టిలో రెండు వారాలు నానితే మిగలదు. ఏడాదిలో ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి దీని అవసరాలు తలకిందులవుతాయి. అందుకే ‘డాలియాకు రోజుకు ఎన్ని నీళ్లు పోయాలి’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పడం కుదరదు. జవాబు ఎందుకు మారుతుందో తెలియాలంటే ముందు ఈ మొక్క ఎక్కడిదో చూడాలి.

కొండవాలు మొక్క

డాలియా పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల్లోని ఎత్తైన ప్రాంతాలు. చాలా జాతులు సముద్రమట్టానికి 1500 మీటర్లకు పైన కొండవాలుల్లో పెరుగుతాయి. అక్కడ ఎండ బాగా కాస్తుంది కానీ గాలి మండిపోదు. పొద్దు వాలగానే చల్లబడుతుంది. వానలు వేసవిలో పడతాయి, పడిన నీరు వాలు మీద నిలవకుండా జారిపోతుంది. చలికాలం పొడిగా గడుస్తుంది. ఈ వాతావరణానికి తగ్గట్టే మొక్క తన ఏడాదిని పంచుకుంది. వానలు మొదలయ్యే వేళకు మొలకెత్తుతుంది, వానలు ముగిసే వేళకు విరగబూస్తుంది, పొడికాలం రాగానే పైభాగాన్ని ఎండిపోనిచ్చి భూమిలో దుంపగా మిగిలిపోతుంది. ఇంటితోటలో డాలియా గురించి చెప్పే జాగ్రత్తలన్నీ దాదాపు ఈ నాలుగు మాటల్లోంచి వచ్చినవే.

ఆ నేల మీద నాహువా ప్రజలు దీన్ని అకోకోట్లి అనేవారు. నీటి గొట్టం అని ఆ మాటకు అర్థం చెబుతారు. కాండం లోపల బోలుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1789లో మెక్సికో నుంచి స్పెయిన్‌లోని మాడ్రిడ్ రాజ ఉద్యానవనానికి విత్తనాలు వెళ్లాయి. అక్కడి వృక్షశాస్త్రవేత్త ఆంటోనియో హోసే కావనిల్లెస్ 1791లో స్వీడన్‌కు చెందిన ఆండర్స్ దాల్ అనే మరో వృక్షశాస్త్రవేత్త పేరు మీద దీనికి డాలియా అని నామకరణం చేశాడు. కొంతకాలానికి జర్మనీలో దీనికే జార్జినా అని ఇంకో పేరు పెట్టారు. శాస్త్రలోకం మొదటి పేరునే ఉంచుకుంది గానీ రష్యన్‌లో ఇప్పటికీ ఈ పువ్వును గియోర్గిన్ అనే పిలుస్తారు. మెక్సికో దీన్ని 1963లో జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది.

పెంచేవాళ్లకు ఈ చరిత్ర కన్నా ఎక్కువ పనికొచ్చే సంగతి దీని జన్యువుల్లో ఉంది. చాలా మొక్కల్లో క్రోమోజోములు రెండు జట్లుగా ఉంటాయి. తోటల్లో పెంచే డాలియాలో ఎనిమిది జట్లు, మొత్తం 64 క్రోమోజోములు. విత్తనం కట్టిన ప్రతిసారీ ఇవన్నీ కొత్తగా కలుస్తాయి. అందుకే 5 సెంటీమీటర్ల లోపు బంతుల్లాంటి పాంపన్‌ల నుంచి 25 సెంటీమీటర్లు దాటే భారీ పూల దాకా, సూదుల్లాంటి రేకుల కాక్టస్ రకం నుంచి తామరను పోలిన రకం దాకా ఇన్ని రూపాలు. అసలైన నీలం తప్ప దాదాపు అన్ని రంగులూ వచ్చేశాయి. ఇందులో ఒక చిక్కూ ఉంది. నచ్చిన పువ్వు నుంచి విత్తనం తీసి నాటితే ఆ పువ్వే రాదు. ఏం వస్తుందో పూసేదాకా తెలియదు. ఆ సరదా కావాలంటే విత్తనం, ఫలానా రకమే కావాలంటే దుంప గానీ కొమ్మ కత్తిరింపు గానీ తెచ్చుకోవాలి.

రకం ఎంచుకునేటప్పుడు కొత్తవాళ్లను ఎక్కువగా బోల్తా కొట్టించేది ఫొటో. పళ్లెమంత పువ్వును చేతిలో పట్టుకుని తీసిన బొమ్మ చూసి ఆ రకమే తెచ్చుకుంటారు. భారీ పూల రకాలు పూతకు ఎక్కువ రోజులు తీసుకుంటాయి, తక్కువ పూలు పూస్తాయి, గాలికి విరుగుతాయి, వానపడితే పువ్వు నీళ్లు పీల్చుకుని మెడ వాల్చేస్తుంది. మొదటి ఏడాది చిన్న, మధ్యరకం పూలతో మొదలుపెట్టడమే తెలివైన పని. బంతి ఆకారపువి, పాంపన్‌లు, ఒంటి రేకుల రకాలు పొరపాట్లను ఓర్చుకుంటాయి. ఒంటి రేకుల వాటిలో మధ్యభాగం తెరిచి ఉంటుంది కాబట్టి తేనెటీగలు కూడా వస్తాయి. ముద్దగా ఉండే రకాల్లో వాటికి దక్కేది పెద్దగా ఉండదు.

కన్ను ఎక్కడుంది

డాలియా దుంపను బంగాళాదుంపలా ఊహించుకోవడం దగ్గరే సగం తప్పులు మొదలవుతాయి. బంగాళాదుంప నిజానికి భూమిలో ఊరిన కాండం, కాబట్టి ఒళ్లంతా కళ్లే, అంటే మొలక లేచే చోట్లే. ఏ ముక్క కోసి నాటినా అందులో కన్ను ఉంటే మొలుస్తుంది. డాలియాది ఊరిన వేరు. నిల్వ ఆహారం ఉంటుంది, అదీ పిండిపదార్థంగా కాకుండా ఇన్యులిన్ అనే రూపంలో. కానీ వేరు మీద ఎక్కడా కన్ను ఉండదు. మొలకెత్తే కళ్లన్నీ పాత కాండం అడుగున, దుంప మెడలు వచ్చి కలిసే ఆ మొదట్లోనే ఉంటాయి. చిలగడదుంప కూడా ఊరిన వేరు అయినా దాని ఒంటి మీద కొత్త చిగుళ్లు పుట్టగలవు. డాలియాకు ఆ వరం లేదు. అరచేతంత లావుగా, ఆరోగ్యంగా కనిపించే దుంపకు పైన ఆ మొదలు ముక్క అంటుకుని లేకపోతే అది వేర్లు వేయవచ్చు, భూమిలో నెలల పాటు పచ్చిగా ఉండవచ్చు, మొక్కను మాత్రం ఇవ్వదు.

కాబట్టి దుంప కొనేటప్పుడు గానీ తీసుకునేటప్పుడు గానీ చూడాల్సింది సైజు కాదు. బొటనవేలంత దుంపైనా మెడ విరగకుండా, మొదలు భాగం కొంత అంటుకుని, ఒక కన్ను కనిపిస్తే చాలు. మెడ విరిగి చర్మం మీద మాత్రమే వేలాడుతున్న దుంప ఎంత పెద్దదైనా దండగే. విరిగిన చోట నుంచి ఆహారం పైకి అందదు. కన్ను ఉందో లేదో తెలియకపోతే కాస్త చెమ్మగా ఉన్న కొబ్బరి పొట్టులో పైపైన పెట్టి వెచ్చని చోట ఉంచితే కొన్ని వారాల్లో తేలిపోతుంది. గుండుసూది తలంత బుడిపె గులాబీ రంగులోనో లేత ఆకుపచ్చగానో ఉబ్బుతుంది. అదే కన్ను.

ఇప్పుడు కుళ్లు సంగతి. ఆకులున్న మొక్క నీటిని వేళ్లతో పీల్చి ఆకుల గుండా గాలిలోకి వదులుతుంది. నీళ్లు పోసినా మట్టి ఆరుతూ ఉంటుంది, మట్టి ఆరేకొద్దీ వేళ్లకు గాలి అందుతుంది. అప్పుడే పాతిన దుంపకు ఆకులు లేవు, పీల్చే వేళ్లు లేవు. పోసిన నీటిని అది వాడుకోలేదు. మొలకెత్తడానికి కావలసిన నీరు దుంపలోనే ఉంది. పైనుంచి వచ్చిన నీరంతా మట్టి రేణువుల మధ్య గాలి ఉండే చోటును నింపేస్తుంది. గాలి ఆడని తడిలో దుంప చర్మం మీది చిన్న గాయాల గుండా బాక్టీరియా, శిలీంధ్రాలు లోపలికి చేరతాయి. మొలక రాలేదన్న టెన్షన్‌లో ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. పని పూర్తవుతుంది. విత్తనాలకు రోజూ తడి కావాలన్న అలవాటును దుంపకు వర్తింపజేయడం వల్ల వచ్చే నష్టం ఇది.

అందుకే పాతిన రోజు నుంచి మొలక మట్టిపైకి వచ్చేదాకా నీళ్లు పోయకపోవడమే పద్ధతి. మట్టి పొడిపొడిగా, ఇసుక పాలు ఎక్కువగా ఉండి ఎండ తీవ్రంగా ఉన్నచోట, నాటడానికి ముందు రోజు మట్టిని ఒకసారి తడిపి ఉంచుకోవచ్చు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. అంతవరకే. ఈ నియమం దుంపకే. కొమ్మ కత్తిరింపు నుంచో విత్తనం నుంచో వచ్చిన నారుకు అడుగున నిల్వ ఉండదు కాబట్టి దానికి మొదటి రోజు నుంచే నీళ్లు కావాలి. రెండింటినీ ఒకే మడిలో పెట్టి ఒకే రకంగా తడిపేవాళ్లు ఏదో ఒకదాన్ని పోగొట్టుకుంటారు.

నేల విషయంలో పోషకాల కన్నా ముందు చూడాల్సింది నీరు ఇంకే వేగం. జానెడున్నర గుంట తీసి నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపాలి. రెండోసారి పోసిన నీరు కొద్ది గంటల్లో ఇంకిపోతే ఫర్వాలేదు. మర్నాటికీ నిలిచే ఉంటే ఆ చోట డాలియా వద్దు, లేదంటే మట్టిని జానెడు ఎత్తు లేపి గట్టు మీద నాటాలి. బంకమట్టిలో ఇసుక కలిపేస్తే సరిపోతుందన్న సలహా వినిపిస్తుంటుంది. కొద్దిగా కలిపిన ఇసుక బంకమట్టిని ఇంకా గట్టిపరచగలదు. బాగా చివికిన కంపోస్టు కలపడం, మడిని ఎత్తు చేయడం నమ్మకమైన దారి. మట్టి ఆమ్లత్వం పీహెచ్ 6.5కు కొంచెం అటూ ఇటూగా ఉంటే మంచిది.

మట్టి వేడి 15 డిగ్రీల సెల్సియస్ దాటాక దుంపను 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున, కన్ను పైకి ఉండేలా అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పాలి. మొక్కకూ మొక్కకూ మధ్య 45 నుంచి 60 సెంటీమీటర్లు, భారీ రకాలకు ఇంకాస్త ఎక్కువ. పొడవు పెరిగే రకమైతే ఊతకర్రను దుంపతో పాటే, దానికంటే ముందే పాతేయాలి. మొక్క వాలిపోయాక కర్ర తెచ్చి గుచ్చితే అది సరిగ్గా దుంపలోకే దిగుతుంది.

కుండీలో పెంచేటప్పుడు కనీసం 30 సెంటీమీటర్ల లోతూ వెడల్పూ ఉన్నది తీసుకుని పొట్టి రకాలు వేసుకోవడం మేలు.

ఎండ కావాలి, వేడి వద్దు

డాలియాకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరుటెండ కావాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. నిజమే, నీడలో మొక్క సన్నగా సాగి, పూలు తగ్గిపోతాయి. అయితే ఆ సలహాలో చాలా భాగం చల్లని దేశాల్లో పుట్టింది. అక్కడ ఎండ అంటే వెలుతురు. వేడి ప్రాంతాల్లో ఎండతో పాటు సెగ కూడా వస్తుంది. పగటి వేడి 30 డిగ్రీలు దాటి అలాగే కొనసాగితే డాలియా ఎదుగుదల మందగిస్తుంది, పూలు చిన్నబోతాయి, ముదురు రంగులు వెలిసిపోతాయి. రాత్రి కూడా చల్లబడకపోతే అది మరీ కష్టం. పగలు తయారు చేసుకున్న ఆహారంలో ఎక్కువ పాలు రాత్రి శ్వాసకే ఖర్చయిపోతుంది. కొండ మీద చల్లని రాత్రులకు అలవాటుపడిన మొక్క ఇది.

అలాంటి చోట ఉదయపు ఎండ పడి మధ్యాహ్నం తర్వాత నీడ వచ్చే జాగా వెతకాలి. మొక్క మొదలు చుట్టూ గడ్డి, ఎండాకులు పరిచి మట్టిని చల్లగా ఉంచాలి, అదీ మొలక జానెడు ఎదిగాకే. ముందే పరిస్తే తడి నిలుస్తుంది, నత్తలు దాక్కుంటాయి. లేత డాలియా చిగుళ్లంటే నత్తలకు ప్రాణం. రాత్రికి రాత్రి మొలకను నేలమట్టం చేస్తాయి, పెంచేవాళ్లేమో దుంప మొలవలేదని అనుకుంటారు. చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

నాటే కాలం కూడా ఈ లెక్క ప్రకారమే. మంచు కురిసే చోట మంచు భయం పోయాక వసంతంలో నాటి, వేసవి చివర నుంచి పూలు కోసుకుంటారు. చలి తేలికగా, వేసవి తీవ్రంగా ఉండే చోట దీన్ని తిప్పి, వానలు తగ్గాక నాటి చల్లని నెలల్లో పూత తీసుకోవడమే పని చేస్తుంది. అయితే దానికో మూల్యం ఉంది. డాలియా పగటి నిడివిని లెక్కపెట్టుకుంటుంది. పగలు పొడవుగా ఉంటే ఆకులూ కొమ్మలూ వేస్తుంది. 12 గంటల కన్నా తగ్గితే విశ్రాంతి కాలం వస్తోందని గ్రహించి దుంప ఊరడం మీదకు దృష్టి మళ్లిస్తుంది. అందుకే చలికాలపు డాలియాలు కొంత పొట్టిగా ఉంటాయి, ముద్ద రకాల్లో కూడా మధ్యభాగం తెరుచుకున్న పూలు తరచు కనిపిస్తాయి. అది తెగులు కాదు. చల్లని నెలలు మొదలయ్యే సరికే మొక్క బాగా ఎదిగి ఉండేలా కాస్త ముందుగా నాటుకుంటే చాలా తేడా ఉంటుంది.

ఆకులే ఆకులు

ఇక రెండో ఫిర్యాదు. నాటిన రెండు మూడు నెలలకు పూత రావాలి, భారీ రకాలకు ఇంకొంత పడుతుంది. ఆ గడువు దాటినా మొగ్గ లేకుండా మొక్క గుబురుగా ఉందంటే మొదట అనుమానించాల్సింది నత్రజనిని. నత్రజని అందుతున్నంతకాలం మొక్కకు ఆకులు పెంచుకోవడమే లాభం. కాండం మెత్తగా, నీరు పట్టినట్టు పెరుగుతుంది, గాలికి తేలిగ్గా విరుగుతుంది, పేనుబంకకు అలాంటి లేత కణజాలం విందు. అంతటితో ఆగదు. నత్రజని ఎక్కువ తిన్న మొక్క దుంపలు నిల్వలోనూ త్వరగా కుళ్లుతాయి. ఈ ఏడాది వేసిన గుప్పెడు యూరియా వచ్చే ఏడాది నాటే దుంపను పాడుచేయగలదంటే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగేది అదే.

నాటేటప్పుడు కలిపిన చివికిన కంపోస్టు మొదటి నెలకు చాలు. మొక్క మోకాలెత్తు దాటాక నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్న ఎరువును మూడు నాలుగు వారాలకోసారి కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. భాస్వరం పూలకు మంచిదని ఎముకల పొడి గుప్పిళ్లకొద్దీ వేయడం చాలామందికి అలవాటు. మట్టిలో ఇప్పటికే భాస్వరం చాలినంత ఉంటే అదనంగా వేసింది పూలను పెంచదు, ఇనుము లాంటి సూక్ష్మపోషకాలు అందకుండా అడ్డుపడుతుంది. ఒక్కసారి మట్టి పరీక్ష చేయించుకోవడం మూడు రకాల ఎరువు సంచుల కన్నా మేలు. పచ్చి పేడ మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎరువు తర్వాత పూతను నిర్ణయించేది చేతివేళ్లతో చేసే పని. మొక్కకు నాలుగు జతల ఆకులు వచ్చి అడుగు ఎత్తు దాటినప్పుడు నడిమి చిగురును తుంచేయాలి. ఏపుగా ఎదుగుతున్న మొక్క తల తుంచడానికి ఎవరికైనా చేయి రాదు. కానీ ఆ కొన చిగురు ఉన్నంతసేపూ అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి పక్క చిగుళ్లను ఎదగనివ్వదు. కొన తీసేస్తే ప్రతి ఆకు మొదట్లోంచీ ఒక్కో కొమ్మ లేస్తుంది, ఒక్క కాడ ఎనిమిది కాడలవుతుంది. మొదటి పువ్వు రెండు మూడు వారాలు ఆలస్యమైతే అయింది. తర్వాత వచ్చే పూల లెక్క ముందు అది నష్టమే కాదు.

మొగ్గలు వచ్చాక ఇంకో నిర్ణయం. ప్రతి కొమ్మ చివర మొగ్గలు సాధారణంగా మూడుగా వస్తాయి, నడుమ పెద్దది, అటూ ఇటూ చిన్నవి. పక్కవి రెండూ బఠాణీ గింజంత ఉండగానే గిల్లేస్తే నడిమి పువ్వు పెద్దగా, పొడవాటి కాడతో వస్తుంది. తోట నిండుగా కనిపిస్తే చాలు అనుకుంటే వదిలేయవచ్చు. ఇందులో తప్పొప్పులేమీ లేవు, ఇష్టాన్ని బట్టే. కానీ వాడిన పూలు తీసేయడం మాత్రం ఇష్టాన్ని బట్టి కాదు. రేకులు వాలిన పువ్వు లోపల విత్తనం కట్టడం మొదలైందంటే మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది, కొత్త మొగ్గలు తగ్గిపోతాయి. ఇక్కడ కొత్తవాళ్లు వాడిన పువ్వును వదిలి మొగ్గను కోసేస్తుంటారు, రెండూ ఆకుపచ్చగా ఒకేలా ఉంటాయి కదా. మొగ్గ బొత్తంలా గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. రేకులు రాలిన పువ్వు కోసుగా మొనదేలి, నొక్కితే మెత్తగా, తడిగా తగులుతుంది. కోసేటప్పుడు తల ఒక్కటే తుంచకుండా కింద ఉన్న ఆకుల జత దాకా కాడను కోయాలి.

పూలజాడీ కోసమైతే ముప్పాతిక విచ్చుకున్నవి పొద్దున్నే కోయాలి. గులాబీలా మొగ్గను కోసి నీళ్లలో పెడితే విచ్చుకుంటుందని ఆశపడితే నిరాశే. డాలియా మొగ్గ కోసిన చోటే ఆగిపోతుంది. పువ్వు కూడా నాలుగైదు రోజులకు మించి నిలవదు.

పూత కాలంలో నీటి లెక్క పూర్తిగా మారిపోతుంది. మొదట్లో చుక్క నీరు వద్దన్న మొక్కే ఇప్పుడు బోలెడు తాగుతుంది. వారానికి రెండు మూడుసార్లు, జానెడు లోతు దాకా దిగేలా నిదానంగా పాదులో పోయాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే ఉండిపోయి ఒక్క ఎండకు వాడిపోతాయి. కుండీల్లో అయితే ఎండకాలం రోజూ అవసరం పడవచ్చు. మధ్యాహ్నం ఆకులు వాలాయని కంగారుపడి నీళ్లు కుమ్మరించకూడదు. వేడికి అలా వాలడం మామూలే, సాయంత్రానికి లేస్తే నీటి కొరత కాదు. పొద్దున్న కూడా వాలి ఉంటేనే ఆలోచించాలి. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాలిపోతుంటే అడుగున కుళ్లు గానీ వడలు తెగులు గానీ మొదలైనట్టు.

మందు ఉన్నవి, మందు లేనివి

పురుగుల్లో మూడింటిని గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలా వరకు గట్టెక్కవచ్చు. చిగుళ్ల దగ్గర గుంపులుగా ఉండి జిగురు కార్చేది పేనుబంక. నీళ్లు గట్టిగా చిమ్మితే సగం పోతుంది. మొగ్గల సందుల్లో దాక్కుని రేకుల అంచులు మాడ్చేవి, ఆకుల మీద వెండి గీతలు మిగిల్చేవి తామర పురుగులు. ఒక తెల్ల కాగితం మీద పువ్వును దులిపితే సన్నని గీతల్లా కదులుతూ కనిపిస్తాయి. ఎండలు ముదిరి గాలి పొడిగా ఉన్నప్పుడు ఆకు అడుగున సన్నని గూళ్లు అల్లి, ఆకును కంచు రంగుకు తిప్పేది నల్లి. ఇది పురుగు కాదు, సాలెపురుగుల బంధువు. అందుకే చాలా పురుగుమందులు దీనిపై పని చేయవు, పైగా దీన్ని తినే మిత్రపురుగులను చంపి పరిస్థితి ఇంకా పాడుచేస్తాయి. ఆకు అడుగు తడిసేలా నీళ్లు చిమ్మడం, సబ్బు కలిపిన వేపనూనెను సాయంత్రం పూట పిచికారీ చేయడం మొదటి మెట్టు. పూల మీద పడకుండా చూస్తే తేనెటీగలకు హాని తగ్గుతుంది.

బూడిద తెగులు అడుగు ఆకులతో మొదలవుతుంది. తెల్ల పొడి చల్లినట్టు ఉంటుంది, ఇది రావడానికి ఆకు తడవాల్సిన పని కూడా లేదు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండి మొక్కల మధ్య గాలి ఆడకపోతే చాలు. మొక్క నడుమెత్తు దాటాక అడుగున జానెడు దాకా ఆకులు తీసేసి గాలి దూరనివ్వడం మందుల కన్నా ముందు చేయాల్సిన పని. గంధకం వాడితే మండే ఎండల్లో వాడకూడదు, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలే వద్దు, ఆకులు మాడిపోతాయి.

వీటన్నిటికీ ఏదో ఒక ఉపాయం ఉంది. వైరస్‌కు లేదు. డాలియా మొజాయిక్ వైరస్‌ను పేనుబంక మోసుకొస్తుంది, టమాటా మచ్చల వడలు వైరస్‌ను తామర పురుగులు తెస్తాయి. మొదటిది సోకితే ఆకు ఈనెల వెంబడి పసుపు చారలు, మొక్క గిడసబారడం. రెండోది సోకితే ఆకుల మీద వలయాలు, వంకర గీతలు. పసుపు కనిపించగానే వైరస్ అని తీర్మానించకూడదు. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే, అదీ ముదురాకుల్లో అయితే, మెగ్నీషియం లోపమై ఉండవచ్చు. ఈనెలే పసుపెక్కి కొత్తాకులు కూడా ముడుచుకుంటుంటే ఆశ వదులుకోవాలి. మొక్కను దుంపతో సహా పీకి చెత్తలో వేయాలి, కంపోస్టు గుంతలో కాదు. డాలియా పెంపకంలో చాలామంది చేయలేనిది ఈ ఒక్క పనే. పువ్వు బాగానే ఉంది కదా, ఈ ఏడాదికి ఉంచుదాం అనుకుంటారు. దుంపలోనే వైరస్ ఉంటుంది కాబట్టి ఆ దుంపలు పంచిన ప్రతి తోటకూ అది చేరుతుంది.

ఇంకో మోసకారి ఉంది. తవ్వినప్పుడు మొదలు దగ్గర కాలీఫ్లవర్‌లా పొట్టి చిగుళ్లు కిక్కిరిసి కనిపిస్తే, అబ్బ ఎన్ని కళ్లో అని సంబరపడతారు. అది ఆకు కంతి తెగులు, బాక్టీరియా వల్ల వస్తుంది. గరుకుగా, కట్టెలా ఉండే గడ్డ కనిపిస్తే అది మొదలు కంతి తెగులు, మరో బాక్టీరియా పని. రెండూ మట్టి ద్వారా, కోసే కత్తి ద్వారా పాకుతాయి. ఒక దుంపల గుత్తి నుంచి మరోదానికి వెళ్లేముందు కత్తిని స్పిరిట్‌లోనో, 1 వంతు బ్లీచ్‌కు 9 వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలోనో ముంచడం చాదస్తం కాదు.

తవ్వాలా, వదిలేయాలా

పూత తగ్గి ఆకులు పసుపెక్కుతుంటే మొక్క విశ్రాంతికి సిద్ధమవుతోందన్నమాట. నాటి నాలుగు నెలలు నిండితే దుంపలు ముదిరి ఉంటాయి. అక్కడి నుంచి నీళ్లు తగ్గిస్తూ పోయి మానేయాలి. తవ్వాలా వద్దా అన్నది ఆ విశ్రాంతి నెలల్లో మట్టి ఎలా ఉంటుందన్నదాన్ని బట్టి తేలుతుంది. నేల గడ్డకట్టే చోటా, వానలు దంచే చోటా తవ్వక తప్పదు. పొడిగా, ఓ మోస్తరుగా ఉండే చోట మట్టిలోనే వదిలేయవచ్చు. కుండీ అయితే వాన పడని నీడలోకి జరిపి దాన్నలా ఎండనిస్తే అదే గోదాము.

తవ్వేముందు కాండాన్ని జానెడు ఉంచి కోస్తారు. అకోకోట్లి అన్న పేరు గుర్తుచేసుకోవాల్సింది ఇక్కడే. కోసిన కాండం నిజంగానే గొట్టం. వాన నీరో, పాదులోంచి చిమ్మిన నీరో అందులో నిండితే నేరుగా మొదట్లోకి దిగి, కళ్లున్న చోటే కుళ్లు మొదలవుతుంది. దుంపలన్నీ గట్టిగా ఉండి మొదలు మాత్రం నల్లబడిపోయిన గుత్తులు కనిపిస్తే చాలాసార్లు జరిగింది ఇదే. భూమిలోనే వదిలేసేవాళ్లు కోసిన గొట్టాన్ని ఏదైనా కప్పి ఉంచాలి. తవ్వి తీసినవాళ్లు గుత్తిని కొన్ని గంటలు తలకిందులుగా ఆరబెడితే లోపలి నీరు కారిపోతుంది. తవ్వేటప్పుడు కాండం పట్టుకుని లాగకూడదు, మెడలు విరుగుతాయి. అడుగు దూరంలో చుట్టూ పార దించి మట్టితో సహా లేపాలి. రకం పేరు రాసిన చీటీ మొక్క పచ్చగా ఉన్నప్పుడే కట్టేయాలి. తవ్వాక అన్ని దుంపలూ ఒక్కలాగే ఉంటాయి.

విడదీయడం తవ్విన వెంటనే చేయవచ్చు, నాటేముందు చేయవచ్చు. తవ్విన వెంటనే అయితే దుంప మెత్తగా తెగుతుంది కానీ కళ్లు సరిగా కనిపించవు. నాటే ముందైతే కళ్లు స్పష్టంగా ఉబ్బి ఉంటాయి, మొదలు మాత్రం కట్టెలా గట్టిపడి కత్తికి లొంగదు. కాండం కోశాక ఓ వారం పది రోజులు ఆగి తవ్వితే ఈలోగా కళ్లు కాస్త ఉబ్బుతాయి, రెండు లాభాలూ దక్కుతాయి. గుత్తిలో పది దుంపలుంటే పది మొక్కలు రావు. కన్ను దక్కినవి ఐదారు ఉంటే ఎక్కువే. మిగతావి పారేయడానికి మనసు ఒప్పదు గానీ దాచినందువల్ల ఉపయోగం లేదు.

నిల్వకు 4 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండే చీకటి చోటు సరైనది. కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పలుకులు, ఏదైనా సరే, దాదాపు పొడిగా ఉండాలి. పూర్తిగా ఎండిన గాలిలో వదిలేస్తే దుంపలు వడియాల్లా అయిపోతాయి, మూసిన ప్లాస్టిక్ సంచిలో తడితో పెడితే బూజు పడతాయి. ఈ రెండింటి మధ్య తన ఇంటికి తగిన పద్ధతి పట్టుకోవడానికి ఎవరికైనా రెండు మూడేళ్లు పడుతుంది. నెలకోసారి తీసి చూడటమొక్కటే దగ్గరి దారి. ముడతలు పడ్డవాటి పొట్టు మీద కొంచెం నీళ్లు చిలకరించాలి. మెత్తబడ్డ భాగం ఉంటే తెల్లటి గట్టి కండ కనిపించేదాకా కోసేసి ఆరనివ్వాలి, కుళ్లు మెడ దాకా వెళ్తే పారేయాలి. నాటే కాలం దగ్గరపడుతుండగా కొన్ని దుంపలు ఆ చీకట్లోనే పాలిపోయిన పొడవాటి మొలక వేస్తాయి. నాటేటప్పుడు అది చేతిలో విరిగినా కంగారు పడక్కర్లేదు. కాస్త ఆలస్యంగానైనా పక్కనుంచి మరో కన్ను లేస్తుంది, అది మట్టిపైకి వచ్చేదాకా నీళ్లు పోయకుండా ఉంటే.